కరపత్రం వెనక పక్క

భూపాలపల్లి
9 జూన్ 2024

చెల్లె గట్టమ్మకు,

చెవులు పోయినా నోరు పోని మీ అన్న రాసేది. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలో పేలుళ్ల పక్కన నిలబడ్డ చెవులివి. మొన్న నువ్వు ఫోన్‌లో "బియ్యం అయిపోయినయి" అంటే నాకు "కయ్యం అయిపోయింది" అని వినిపించింది. ఏ దేశంలో యుద్ధం ఆగిందోనని సంబరపడి మీ వదినకు కూడా చెప్పాను.

వాట్సాప్‌లో రాయొచ్చు కదా అంటావేమో. మన చుట్టాల గ్రూపులోంచి నన్ను తీసేశారు. తీసేసింది ఎవరో కాదు, మా రజితే. ఎవరి పిల్లవాడిదో పుట్టినరోజు కేకు ఫోటో పెడితే దాని కింద నేను గాజాలో కూలిన దవాఖాన ఫోటో పెట్టానట. కన్నకూతురు తండ్రిని బహిష్కరిస్తే ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. పార్టీలో అయితే కనీసం సంజాయిషీ అడుగుతారు.

పోయిన ఆదివారం బస్టాండు దగ్గర మా శాంతి కమిటీ సభ పెట్టాం. కమిటీ అంటే నేను, కాటమయ్య, ఒక మైకు. కాటమయ్య నీకు తెలుసు కదా, బాయిలో నాతో పాటు దిగినవాడు. పదకొండు మంది వచ్చారు. నేను ఊపందుకునే వేళకు పరకాల బస్సు వచ్చింది. నలుగురు మిగిలారు. కాటమయ్య నా చెవి దగ్గరికి వచ్చి, "గిండ్ల గూడ ఇద్దరు చిట్యాల బస్సు కోసం చూస్తున్నరే" అన్నాడు. అయినా నేను ఆపలేదు.

ఈసారి ఒకే కాగితానికి రెండు పక్కలా కరపత్రం వేయించాం. ముందు పక్క విదేశీ యుద్ధం గురించి. బాంబులు పడే దేశాలకు మన కూలీలను పంపవద్దని. వెనక పక్క గంజాయి చట్టం గురించి. తాగేవాడు రోగి, వాడికి జైలు కాదు దవాఖాన కావాలని. రెంటికీ ఏం సంబంధమని కాటమయ్య అడిగాడు. దేశాల మీద యుద్ధమన్నా, మత్తు మీద యుద్ధమన్నా దెబ్బ తినేది పేదింటి పిల్లలేనని చెప్పాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. నలభై కాగితాలు పంపుతున్నాను. మీ అంగన్‌వాడీ టీచర్లకు పంచు.

మేనల్లుడు ఐలేశ్ ఎట్లా ఉన్నాడు? టైల్స్ పని దొరుకుతున్నదా? పాస్‌పోర్టుకు పెట్టాడని రజిత అన్నది. ఎటు పోతాడట?

నీ అన్న
రాజమౌళి


జనగామ
19 జూన్ 2024

అన్నకు,

నీ కాగితాలు అందాయి. నలుగురు టీచర్లకు ఇచ్చాను. కొన్నింటితో మా సెంటర్ పిల్లలు పడవలు చేసి బోరింగు దగ్గర నీళ్లలో వదిలారు. కాగితం గట్టిది, బాగా తేలాయి.

టీచర్లు నిన్ను అడిగారు. పోయినేడు మా సమ్మె టెంటుకు వచ్చి జీతాల గురించి రెండు మాటలు చెప్పమంటే గంటంబావు పరాయి దేశాల సంగతి చెప్పావు కదా. ఇప్పటికీ "మీ అన్న మంచిగ మాట్లాడిండు" అంటారు. ఏం మాట్లాడావో మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

అన్నా, అసలు సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఈ ఉత్తరం వదినకు కూడా చూపించకు. నీ కరపత్రంలో రాసిన సంగతే మన ఇంటికి వచ్చింది. ఐలేశ్ ఆ దారి పట్టాడు. నాలుగు నెలలైందట. నాకు తెలిసి పదిహేను రోజులు. పేరు పెట్టి రాయలేను. మా పోస్ట్‌మాన్ కూడా తెలిసినవాడే. నీకు అర్థమవుతుంది.

వాళ్ల నాయిన పోయినప్పటి నుంచి వాడు ఏదైనా నాతో చెప్పుకునేవాడు. ఇప్పుడు అడిగితే, "నా సంగతి నాకు ఎరుకే అమ్మా" అని చెప్పులు వేసుకుని బయటికి పోతున్నాడు. నీ కాగితం నాలుగుసార్లు చదివాను. అది చదివాకే నీకు చెప్పే ధైర్యం వచ్చింది. నీ మాటంటే వాడికి గురి. చిన్నప్పుడు టేకుమట్లలో నీ వెంట జెండా పట్టుకుని తిరిగినవాడే కదా. వాడికి చెప్పాల్సింది రాసి పంపు. చదివి వినిపిస్తాను.

గట్టమ్మ


భూపాలపల్లి
24 జూన్ 2024

గట్టమ్మా,

నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో చాయ్ చల్లారిపోయింది. నువ్వు పేరు రాయలేదు. నేనూ రాయను. కింద రాసింది వాడికి వినిపించు.

ఐలేశ్, పేదవాడి ఉసురు పేదవాడే పోసుకునే పనికి నువ్వు దిగుతావని అనుకోలేదు. ఆ దారిన పోయినవాడి చేతులకు పసిపిల్లల నెత్తురు అంటుతుంది. ఎన్ని నీళ్లతో కడిగినా పోదు. మీ అమ్మ ముప్పై మంది పిల్లలకు అన్నం పెట్టి బతుకుతున్నది. అది నీకు గుర్తు లేకపోయిందా? అందరూ చేస్తున్నదే కదా అంటావేమో. అందరూ చేస్తే తప్పు ఒప్పవుతుందా? ఇప్పుడే మానుకుంటే నా మేనల్లుడివి. లేదంటే మామ చచ్చిపోయాడనుకో. నా గడప ఎక్కకు.

గట్టమ్మా, కఠినంగా ఉంటే ఉండనీ. ఊళ్లో నిలబడి మాట్లాడేవాణ్ని, మా ఇంటివాడే అటు పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వాడి పేరు చెప్పకుండా కాటమయ్యకు ఈ ఉత్తరం చదివి వినిపించాను. కళ్లు తుడుచుకున్నాడు. ఏ సభలోనూ నేను ఇంత బాగా మాట్లాడలేదు. ఒక నకలు తీసి పెట్టుకున్నాను.

రాజమౌళి


జనగామ
11 జులై 2024

అన్నకు,

ఐలేశ్ ఇంట్లో లేడు. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఫోన్ బంద్ పెట్టాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం వాణ్ని కూర్చోబెట్టి, "మామ రాసిండు బిడ్డా, జర విను" అన్నాను. మంచి మాటలే ఉంటాయన్న నమ్మకంతో ముందుగా చదువుకోలేదు. అది నా తప్పు. మొదలుపెట్టాక తెలిసింది. మధ్యలో ఆపితే ఇంకా ఎంత ఘోరంగా ఉందో అనుకుంటాడని చివరిదాకా చదివాను.

వాడు ఉత్తరం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరలోంచి నీ కరపత్రం తీసి వెనక పక్క నాకు చూపించాడు. "అమ్మా, గంజాయి తాగెటోడు రోగి అని మామ గీడ అచ్చేసిండు. మందికైతె దవాఖాన. నేను తాగితె నెత్తురంటదా?" అన్నాడు. తెల్లవారి నేను నీళ్లు పట్టుకుని వచ్చేసరికి సంచి లేదు, వాడు లేడు.

ఎట్లా అలవాటైందో నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. హైదరాబాదులో పొద్దంతా వంగి కూర్చుని టైల్స్ వేసి వేసి నడుము పట్టేసింది. ఆరు నెలలు మాత్రలు మింగాడు. పక్కన పనిచేసేవాడు సిగరెట్టులో పెట్టి ఇచ్చాడట. నొప్పి తెలియలేదు, నిద్ర పట్టింది. ఇంటికి వచ్చాక మానలేకపోయాడు. నేను ఏ డాక్టరుకూ చెప్పలేదు. ముందు నీకే చెప్పాను.

లోకంలో పిల్లలందరికీ నువ్వు మామవు. వీడొక్కడికే కాకుండా పోయావు.

గట్టమ్మ


భూపాలపల్లి
17 జులై 2024

గట్టమ్మా,

తిట్టు. ఇంకా తిట్టు. నేను వినగలిగింది ఉత్తరంలోనే.

నేను ముందు పక్క అనుకున్నాను. పాస్‌పోర్టు అని రజిత చెప్పి ఉంది. యుద్ధం నడిచే దేశానికి ఇళ్లు కట్టే పనికి మన మేస్త్రీలను తీసుకుపోతున్నారని పేపర్లో చదివి ఉన్నాను. నువ్వు "ఆ దారి" అనగానే ఐలేశ్ అక్కడికే పోతున్నాడని నా బుర్రలో తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. గంజాయి అన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. ఎందుకు రాలేదా అని రెండు రాత్రులు కూర్చుని ఆలోచించాను. గంజాయి తాగేవాడు నా లెక్కలో ఎప్పుడూ వేరేవాళ్ల ఇంట్లో ఉంటాడు. నేను అతని తరఫున మాట్లాడి ఇంటికి వచ్చి అన్నం తింటాను. అంతవరకే నా ఉద్యమం.

కాటమయ్యకు అంతా చెప్పాను. "నేను అడిగితె నువ్వే గద రెండు పక్కల ఎయ్యాలన్నవ్" అన్నాడు. నకలు చించేశాను. చించే ముందు ఇంకోసారి చదివితే, ఛీ, ఇంకా బాగానే ఉందనిపించింది. ఈ రోగానికి మందు ఏ దవాఖానలో ఉందో.

మూడు రోజులుగా వాడి కోసం తిరిగాను. మరిపెడలో వాడితో పనిచేసిన చరణ్ అనే మేస్త్రీ దొరికాడు. రెండు రోజులు తన దగ్గర ఉండి వేరే ఊరికి పనికి పోయాడని చెప్పాడు. అతను నర్సింహులపేట అంటే నాకు నర్సంపేట అని వినిపించింది. గట్టమ్మా, ఒక రోజంతా నర్సంపేటలో ఇంటింటికీ తిరిగి టైల్స్ వేసే పిల్లవాడి గురించి అడిగాను. మర్నాడు నర్సింహులపేట చేరేసరికి అక్కడి పని సగంలో వదిలి వెళ్లిపోయాడు. ఇంటాయన కోపంగా ఉన్నాడు. వాడు వేసిన గది చూశాను. ఒక్క టైలు కూడా వంకర లేదు. అక్కడే కాసేపు కూర్చున్నాను.

వెతుకుతూనే ఉంటాను.

రాజమౌళి


మహబూబాబాద్
25 జులై 2024

గట్టమ్మా,

ఐలేశ్ దొరికాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో.

ఇక్కడి రైల్వే స్టేషన్‌లో పోలీసులు పట్టుకున్నారు. జేబులో చిన్న పొట్లం దొరికింది. అమ్మేవాడు కాదని వాళ్లకూ తెలుస్తూనే ఉంది. వాడు నీ నంబరు ఇవ్వలేదట. రజితది ఇచ్చాడు. నేను పరుగెత్తుకుని వచ్చాను. సంచిలో ముప్పై కరపత్రాలు కూడా పెట్టుకున్నాను. ఎందుకో అడగకు.

ఇప్పుడు రాసేది చదివి నువ్వు నా మొహం చూడకపోయినా సరే. ఇనస్పెక్టరు నన్ను చూసి, "ఈ పిలగాడు నీకేమైతడు పెద్దాయనా?" అని అడిగాడు. వెనక బల్ల మీద ఒక విలేకరి ఉన్నాడు. నా సభ ఫోటో పేపర్లో వేసినవాడు. నా నోట్లోంచి "దూరపు చుట్టం" అని వచ్చింది. గోడ పక్కన కూర్చున్న ఐలేశ్ తల ఎత్తాడు. నాకు వినపడదు కానీ వాడి చెవులు బాగానే ఉన్నాయి.

వాడి దగ్గర దొరికిన వస్తువులు బల్ల మీద పెట్టారు. అందులో నా ఉత్తరం. ఇనస్పెక్టరు తీరిగ్గా చదివాడు. "గిది రాసింది నువ్వేనా? మేం గూడ గింత కఠినంగ మాట్లాడం" అన్నాడు. అప్పుడు చెప్పాను, "నా మేనల్లుడు సార్, సొంత చెల్లె కొడుకు" అని. గట్టిగానే చెప్పాను. విలేకరి కూడా విన్నాడు. కానీ చెప్పాల్సిన సమయం దాటిపోయింది.

కోర్టులో తారి అనే వకీలు దొరికింది. ఇక్కడి తండా పిల్ల, రజిత కంటే చిన్నది. నా కరపత్రం ఇస్తే రెండు పక్కలూ చదివింది. "తాతా, చట్టం మార్చాలంటున్నరు, మంచిదే. మరి ఉన్న చట్టం చదివిన్రా?" అని అడిగింది. కొద్దిపాటి సరుకుతో దొరికిన అలవాటుపడ్డ మనిషి తనంతట తాను చికిత్సకు ఒప్పుకుని, సర్కారు గుర్తించిన చోట పూర్తిగా చేయించుకుంటే కేసు నుంచి బయటపడే వీలు అందులోనే ఉందట. ఆరేళ్లుగా బస్టాండులో గొంతు చించుకుంటున్నాను. ఆ సెక్షన్ నేను చదవలేదు. "అందరికి తెలువదు తాతా, గదే బాధ" అని నన్ను ఓదార్చింది కూడా.

బెయిలు వచ్చింది. కానీ చికిత్సకు వాడే ఒప్పుకోవాలి. నేను అడిగితే అటు తిరిగి, "దూరపు చుట్టాలు చెప్తె నేనెందుకు వింట?" అన్నాడు. నాతో రానంటే తారి ఇంట్లో వాళ్ల అమ్మ దగ్గర ఉంచారు. నువ్వు వెంటనే బయలుదేరు. ఫోన్ రజిత చేస్తుంది. అయినా ఇదంతా నా చేత్తో రాయాలనిపించింది.

రాజమౌళి


జనగామ
8 ఆగస్టు 2024

అన్నకు,

డ్యూటీలో చేరాను. ఐలేశ్‌ను మహబూబాబాద్ దవాఖానలో మత్తు మాన్పించే వార్డులో నీ మీద వదిలి వచ్చినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. అక్కడ నీతో ఏమీ మాట్లాడలేదు కదా, కోపం కాదనుకోకు. కోపమే. ఉత్తరంలో అయితే ఏడుపు రాకుండా రాయగలనని ఆగాను.

"దూరపు చుట్టం" అన్న మాట చదివినప్పుడు నీ ఉత్తరం కింద పడేశాను. మళ్లీ తీసుకున్నాను. ఎందుకంటే నేనేం తక్కువ? వాడు కనపడకుండా పోయిన రోజుల్లో ఎవరడిగినా, "హైదరాబాద్ల పెద్ద పని దొరికింది" అని నవ్వుతూ చెప్పాను. అంతకు ముందు వారం తల్లుల మీటింగులో, గంజాయి తాగే పిల్లలతో మీ పిల్లలను కలవనీయకండి అని నేనే చెప్పాను. ఆ మాట చెప్పి ఇంటికి వచ్చి నా కొడుకుకు అన్నం పెట్టాను. నువ్వు బస్టాండులో, నేను సెంటర్‌లో. మన నాయిన ఇద్దరికీ మంచి నోరు ఇచ్చి పోయాడు.

వాడు ఎందుకు ఒప్పుకున్నాడో తెలుసా? నేను బతిమాలినందుకు కాదు. తారి వాళ్ల అమ్మ ఏమీ అడగకుండా మూడు రోజులు నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టిందట. "గామె ఒక్కతే నొప్పి ఎక్కడ అని అడిగింది" అన్నాడు.

వార్డులో ఉపన్యాసాలు వద్దు. పక్క మంచాల వాళ్లు పాపం లేచి పోలేరు.

గట్టమ్మ


మహబూబాబాద్
23 ఆగస్టు 2024

గట్టమ్మా,

నీ ఆజ్ఞ పాటిస్తున్నాను. పక్క మంచం ఆయనకు మాత్రం ఒకసారి యుద్ధాల గురించి పదినిమిషాలు చెప్పాను. ఆయనే అడిగాడు. ఏం అడిగాడో సరిగా వినపడలేదు, అదే అయి ఉంటుందనుకున్నాను. తరువాత తెలిసింది, ఫ్యాన్ వేయమన్నాడట.

మొదటి వారం ఐలేశ్ చాలా అవస్థ పడ్డాడు. చెమటలు, చిరాకు, ముద్ద ముట్టలేదు. నాతో మాట్లాడలేదు. నేను మంచం పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాణ్ని. నిన్న పొద్దున వాడే, "మామా, రజిత కొనిచ్చిన చెవి మిషన్ సంచిలకెల్లి తీసి పెట్టుకో. ఒక మాట చెప్పాలె" అన్నాడు. పెట్టుకున్నాను.

"నువ్వు అనుకున్నది గూడ అబద్ధం గాదు. పాస్‌పోర్టు ఆ దేశం పోనీకే పెట్టిన. ఎంపికప్పుడు పరీక్షలు చేస్తరని, మూత్రంల గంజాయి దొరుకుతదని ఎవడో చెప్పిండు. భయపడి ఆగిన. లేకుంటె ఈపాటికి ఆడనే ఉండేటోణ్ని."

గట్టమ్మా, నా కాగితానికి రెండు పక్కలా వాడే ఉన్నాడు. నేను రాసినప్పుడు ఏ పక్కా వాణ్ని చూడలేదు. గంజాయి లేకుంటే యుద్ధం నడిచే దేశానికి పోయేవాడు. దీని మీద నా దగ్గర రెండు గంటల సరుకు ఉంది. నోరు తెరిచాను కూడా. వాడు ముందే అందుకుని, "ఈడ పని ఉంటె బాంబుల నడుమకు ఎవడు పోతడు మామా? నువ్వు పోవద్దన్నవ్. మంచిదే. ఉండి ఏం చెయ్యాల్నో ఎక్కడ రాసినవ్?" అన్నాడు.

నేను వెతికాను. అబద్ధం ఎందుకు, నిజంగానే మనసులో కాగితం అటూ ఇటూ తిప్పి వెతికాను. లేదు. చివరికి "నడుము ఇంక నొస్తున్నదా?" అని అడిగాను. ఇన్ని ఉత్తరాల్లో నేను ఆ ఒక్క మాట అడగలేదు. చొక్కా పైకి లేపి చెయ్యి పెట్టి చూపించాడు. ఇద్దరం ఎముకల డాక్టరు దగ్గరికి పోయి వరుసలో నిలబడ్డాం. నడుముకు స్కానింగ్ తీశారు. డిస్క్ కొంచెం జరిగిందట. వ్యాయామం చెప్పారు. బెల్టు ఇచ్చారు. వంగి చేసే పని కొన్ని నెలలు వద్దన్నారు. చరణ్ మేస్త్రీకి చెప్పాను, కొలతలు తీసే పని ఇప్పిస్తానన్నాడు. ఈసారి రెండుసార్లు అడిగి, ఊరి పేరు కాగితం మీద రాయించుకున్నాను.

రాజమౌళి


జనగామ
20 అక్టోబర్ 2024

అన్నకు,

నీ సభ ఆరు నిమిషాల్లో అయిపోయిందని, నీకు ఒంట్లో బాగాలేదేమోనని కాటమయ్య పరేషాన్ అయి నాకు ఫోన్ చేశాడు. చికిత్స సంగతి, ఆ సెక్షన్ సంగతి మాత్రమే చెప్పి దిగిపోయావట. ఒకామె వచ్చి తన కొడుకు కోసం తారి నంబరు రాసుకుపోయిందట. ఇన్నేళ్లలో నీ సభ అయ్యాక ఒకరు ఆగి అడగడం ఇదే మొదలని అన్నాడు.

ఇక్కడి సంగతి రాస్తాను. అంతా బాగుందని రాద్దామని మొన్న కాగితం తీశాను. మంచిదైంది, రాయలేదు.

చరణ్ దగ్గర పనికి బాగానే పోతున్నాడు. పొద్దున వ్యాయామం చేస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతుంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, మొన్న మళ్ల తాగిన. ఒక్కసారే. పని కాడ ఎవడో ఇచ్చిండు" అన్నాడు.

అన్నా, నాకు కోపం నెత్తికెక్కింది. ఇంత చేసినం, ఇంత తిరిగినం అని నోటిదాకా వచ్చింది. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు. పోలేదు. చెప్పులు విప్పే ఉన్నాయి. "నడుము నొచ్చిందా?" అని అడిగాను. "లేదు. ఊకెనే తాగిన" అన్నాడు.  అన్నం వండి ఇద్దరికీ పెట్టాను. తిన్నాడు.

తారికి ఫోన్ చేశాను. కేసు ఇంకా తేలలేదు, భయపడి చికిత్స మధ్యలో ఆపితేనే నష్టం, డాక్టరుకు దాచకుండా చెప్పమన్నది. వీడే ఫోన్‌లో చెబితే డాక్టరు తిట్టలేదు. ఇట్లా అవుతుంటుంది, సోమవారం రమ్మన్నాడు. రేపే సోమవారం. ఇద్దరం పొద్దున బండికి పోతున్నాం. నువ్వు రావద్దు. అవసరమైతే పిలుస్తాను, అప్పుడు రా.

సెలవు చీటీ రాసి మా సూపర్‌వైజర్‌కు ఇచ్చాను. ఎప్పుడూ జ్వరమనో, చుట్టాల పెళ్లి అనో రాసేదాన్ని. ఈసారి కారణం దగ్గర "కొడుకు గంజాయి మానడానికి చికిత్స" అని రాశాను. ఆమె చదివి సంతకం పెట్టింది.

గట్టమ్మ